ప్రయోగశాలకు ప్లాను ఎవరు గీయవలెను?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పినారు. ఆ మాట పుట్టిన నాటికి విశ్వవిద్యాలయములలో ప్రయోగశాలలు కట్టవలసిన అవసరము ఏర్పడలేదు గాని, ఏర్పడియుండినచో ఆ సామెతకు మూడవ ముక్క తప్పక చేరియుండెడిది. ఇల్లు కట్టినవాడు ఆ యింటనే కాపురముండును. తాను చేసిన పొరపాటును తానే అనుభవించును. ప్రయోగశాల సంగతి అట్లు కాదు. ధనమిచ్చువారు ఒకరు, ప్లాను గీయువారు ఒకరు, కట్టువారు ఒకరు, ప్రారంభోత్సవము జరుపువారు మరియొకరు. వీరందరును వెడలిపోయిన పిమ్మట అందు పని చేయువారు ప్రవేశింతురు. పొరపాటులన్నియు వారి పాలగును.

పూర్వము పల్లెలలో కట్టిన పెద్ద లోగిళ్లను చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. వీథివైపున విశాలమైన అరుగులు, నడుమ మండువా, నగిషీ చెక్కిన స్తంభములు, పెద్ద సింహద్వారము. వంటయిల్లు మాత్రము ఒక మూలనున్న చీకటిగది. కట్టించిన యజమాని ఒక్కనాడైన పొయ్యి ముందు కూర్చుండినవాడు కాడు. పొగ యెటు పోవలెనో, గిన్నెలెచ్చట కడుగవలెనో, నీళ్ల బిందెను నూతినుండి ఎంత దూరము మోయవలెనో ఎరిగిన ఇల్లాలిని అడిగినవారు లేరు. ఆమె జీవితమంతయు ఆ పొగలోనే గడచెను.

ప్రయోగశాల ఒక విధమైన వంటయిల్లే. అచ్చటను నిప్పు, నీరు, పొగ, గాజుపాత్రలు కలవు. పనిచేయు చేతులు కలవు. కావున విశ్వవిద్యాలయములందు కొత్త ప్రయోగశాలలు కట్ట సంకల్పించినపుడు ప్లాను పనిబల్ల దగ్గర మొదలై గోడలవైపు సాగవలెను గాని, గోడల దగ్గర మొదలై బల్ల దగ్గర ముగియరాదు. ఆ బల్ల దగ్గర నిలుచువారిని చివర గాక మొదట సంప్రదింపవలెను. ఇది చెప్పుటకు సులువైన మాటయే, ఆచరణలోనే అరుదు.

ఉపన్యాసశాలకు వెలుతురు, గాలి, కూర్చుండుటకు బల్లలు, ఒక నల్లబల్ల ఉన్న చాలును. రేపు దానినే పరీక్షలకైనను, సభలకైనను వాడుకొనవచ్చును. ప్రయోగశాలకు ఈ సౌలభ్యము లేదు. రసాయనశాలలోని గాలిని గంటకు ఆరు మొదలు పది పర్యాయములవరకు మార్చుట సామాన్య నియమము. ఒకసారి లోపల తిరిగిన గాలిని మరల లోపలికి పంపరాదు. విషవాయువులను పీల్చి బయటికి పంపు గాజుతలుపుల అరలను ఫ్యూమ్ హుడ్డులందురు. వాని ముఖమున గాలి సెకనుకు ఇంచుమించు అర మీటరు వేగముతో లోపలికి పోవుచుండవలెను. అట్టి అరను గది వాకిలి ప్రక్కన నిలిపినచో, తలుపు తీసిన ప్రతిసారియు వచ్చు గాలివిసురు లోపలి విషమును పనిచేయువాని ముఖము మీదికే త్రిప్పును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నేల అంతస్తున, రహదారికిని లిఫ్టునకును దూరముగా నుంచవలెను. బండి పోయిన అదరు చాలును, దాని చూపు చెదరుటకు. ఆమ్లము కన్నులలో చిందినవాడు పది సెకన్లలోపల నీటిధారను చేరుకొనగలుగవలెను. మంట లేచినపుడు పారిపోవుటకు రెండు దారులుండవలెను.

ఇవి అలంకారములు కావు. తరువాత చేర్చుకొనదగిన సౌకర్యములును కావు. ఇవన్నియు గోడ లేవకముందే ప్లానులో ఉండవలసినవి. లేనిచో గోడ పూర్తియైన మరునాడే దానికి చిల్లులు పొడుచుట ఆరంభమగును. కొత్త భవనములో గొట్టములు కిటికీల మీదుగా వ్రేలాడుటయు, సింకులోని నీరు పోవుటకు దారి లేక బక్కెట్లు పెట్టుటయు, ఆరులక్షల పరికరమును తలుపు పట్టక వరండాలో నిలుపుటయు ఈ అశ్రద్ధ ఫలితములే.

ప్రయోగశాలను ఎట్లు ఆలోచించి కట్టవలెనో తెలిసికొనుటకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి చరిత్ర మంచి పాఠము. 1870లో ఆ విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరుగా నుండిన డెవన్‌షైరు డ్యూకు, భౌతికశాస్త్ర ప్రయోగశాల నిర్మాణమునకు 6,300 పౌనుల నిచ్చుటకు ముందుకు వచ్చెను. మరుసటి సంవత్సరము జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అచ్చట తొలి ప్రాయోగిక భౌతికశాస్త్రాచార్యుడుగా నియమితుడయ్యెను. విద్యుదయస్కాంత సిద్ధాంతమును కాగితము మీద నిలబెట్టిన మహామేధావి ఆయన. అయినను ప్రయోగశాల ప్లాను తన స్థాయికి తగిన పని కాదని తలంపలేదు. మొదట బయలుదేరి గ్లాస్గోలో విలియం థామ్సన్ ప్రయోగశాలను, ఆక్స్‌ఫర్డులోని ప్రయోగశాలను చూచివచ్చెను. ఎచ్చట ఏది పనికివచ్చినదో, ఏది పనికిరాకపోయినదో పరిశీలించెను. పిమ్మట శిల్పియైన ఫాసెట్టుతో కూర్చుండి గది గదికిని అవసరములు నిర్ణయించెను.

నేల అంతస్తున సున్నితమైన పరికరములు నిలుపు రాతి దిమ్మెలకు భవనపు పునాదితో సంబంధము లేని వేరు పునాదులు వేయించిరి. గదిలో నడచువారి అడుగుల అదరు పరికరమును తాకకుండుటకు ఈ ఏర్పాటు. అయస్కాంత పరిశీలనలకు ప్రత్యేకముగా ఒక గది యేర్పడెను. గోపురము మీద నీటి తొట్టి నుంచిరి; అంత యెత్తునుండి దిగు నీటి బలముతో పాత్రలలోని గాలిని తీసివేయవచ్చును. చూచువారికి అది భవనమునకు అందము తెచ్చు గోపురము. పనిచేయువారికి అదియొక పరికరము. ఖర్చు మొదటి అంచనాను మించగా డ్యూకు ఆ భారమును కూడ తానే వహించెను.

భవనము పూర్తికాకముందు మాక్స్‌వెల్‌కు పాఠములు చెప్పుటకు స్వంతమైన చోటు లేదు. ఇతర శాఖల గదులలో తిరిగి తిరిగి చెప్పవలసివచ్చెను. ఒక మిత్రునకు వ్రాసిన జాబులో ఆయన తన స్థితిని కోకిల స్థితితో పోల్చుకొనెను. కాకి గూటిలో కోకిల గ్రుడ్డు పెట్టుట ఎరిగిన తెలుగు పాఠకునకు ఆ చమత్కారమును వివరింప నక్కరలేదు. 1874లో తెరచిన ఆ కావెండిష్ ప్రయోగశాలలోనే 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనెను. 1932లో ఛాడ్విక్ న్యూట్రానును కనుగొనెను. నూరేండ్ల తరువాత, 1974 ప్రాంతమున, చోటు చాలక ఆ శాఖ ఊరి పడమటివైపునకు తరలిపోయెను. 2025లో దానికి మూడవ గృహము ఏర్పడినది. శబ్దశాస్త్రజ్ఞుడు రే డోల్బీ ఆస్తినుండి వచ్చిన 8 కోట్ల 50 లక్షల పౌనుల విరాళము దానికి మూలధనము. ఎంత దూరదృష్టితో కట్టిన ప్రయోగశాలయు శాశ్వతము కాదు. అయినను ఆలోచించి కట్టినది నూరేండ్లు నిలుచును. ఆలోచింపక కట్టినది ప్రారంభోత్సవము నాడే పాతబడును.

పేరుపొందిన శిల్పిని పిలిచినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు లూయీ కాన్ 1960 ప్రాంతమున కట్టిన రిచర్డ్స్ వైద్యపరిశోధనశాల ఇందుకు నిదర్శనము. ఢాకా శాసనసభా భవనమును, అహమ్మదాబాదు మేనేజిమెంటు విద్యాలయమును రూపొందించిన మహాశిల్పి ఆయనయే. ఇటుక గోపురములతో లేచిన ఆ పరిశోధనశాలను లోకమంతయు మెచ్చుకొనెను; శిల్పవిద్యార్థులు దేశదేశములనుండి వచ్చి చూచిరి. లోపల పనిచేయు శాస్త్రజ్ఞులు మాత్రము విశాలమైన కిటికీలనుండి పడు ఎండకు తాళలేక వానికి తగరపు రేకులు, కాగితములు అంటించుకొనిరి. చోటు ఇరుకు, పైన కప్పు లేని గొట్టముల మీదినుండి దుమ్ము.

లూయీ కాన్ గొప్పతన మేమనగా, ఆయన ఆ అనుభవమును వృథా పోనీయలేదు. పోలియో టీకాను కనుగొన్న జోనాస్ సాల్క్ కాలిఫోర్నియాలోని లా హోయాలో పరిశోధనాలయమును తలపెట్టి ఆయననే పిలిచెను. అది విశ్వవిద్యాలయము కాకపోయినను, దాని పాఠము విశ్వవిద్యాలయములన్నింటికి వర్తించును. 1965లో పూర్తియైన ఆ భవనమున ప్రయోగశాల గదులలో నడుమ స్తంభమే లేదు. ప్రతి ప్రయోగశాల అంతస్తు మీదను గొట్టములకు, తీగలకు, గాలిమార్గములకు మాత్రమే వేరొక అంతస్తు కలదు. పనివాడు అందులో నిలువుగా నడువగలడు. క్రింద ప్రయోగము సాగుచుండగనే పైన మరమ్మతు చేయవచ్చును. నేడు రసాయనము జరుగుచోట రేపు జీవశాస్త్రము జరుపదలచినచో గోడలు పగులగొట్ట నక్కరలేదు. ఒక్క శిల్పియే, అయిదేండ్ల వ్యవధిలో, రెండు విధముల భవనములు కట్టుటకు కారణము స్పష్టము. రెండవసారి బల్ల దగ్గర నిలుచువాడు ప్లాను దగ్గర కూడ నిలిచెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాదగును. గొప్ప పనికి గొప్ప భవన మవసరమా? మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో 1943లో రాడారు పరిశోధనకై కొయ్యతో హడావుడిగా ఒక భవనమును కట్టిరి. యుద్ధము ముగిసిన కొలది కాలమునకు పడగొట్టవలెనని ఉద్దేశము. అది 1998 వరకు నిలిచెను. వేసవిలో వేడి, శీతకాలములో చలి, నడచినచో నేల చప్పుడు. అయినను అచ్చట పనిచేసినవారు దానిని ప్రేమించిరి. ఎందుకనగా, అవసరమైనపుడు గోడకు మేకు కొట్టుటకు, చిల్లు పొడుచుటకు, నేలను కోయుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. భాషాశాస్త్రజ్ఞుడైన నోమ్ చోమ్‌స్కీ మొదలు ఇంజనీర్ల వరకు ఒకే వరండాలో ఎదురుపడుచుండిరి. ఈ ఉదాహరణము ఆక్షేపణను బలపరచుట లేదు. ప్రధాన విషయమునే బలపరచుచున్నది. ఆ కొయ్యకొంపలో పనిచేయువాడే యజమాని. తనకు వలసిన ప్లానును తానే, ప్రతిదినము, సుత్తితో గీచుకొనుచుండెను.

చంద్రశేఖర వేంకటరామన్ స్వల్పమైన పరికరములతో నోబెల్ బహుమానమును సంపాదింపలేదా అని కూడ కొందరందురు. నిజమే. కాని ఆ స్వల్పత వెనుక నున్నదానిని మరువరాదు. మహేంద్రలాల్ సర్కార్ అను వైద్యుడు 1876లో కలకత్తాలో విజ్ఞానపరిషత్తును స్థాపించి, దాతల నర్థించి బౌబజారు వీథిలో ఉపన్యాసశాలను, ప్రయోగశాలను అమర్చెను. అందు పనిచేయదగినవాడు ఎప్పుడు వచ్చునా యని యెదురుచూచి, చూచి, 1904లో కన్నుమూసెను. 1907లో ఆర్థికశాఖ ఉద్యోగియై కలకత్తాకు వచ్చిన రామన్ ఆ తలుపు తట్టెను. కచేరికి పోకముందును, కచేరినుండి వచ్చిన తరువాతను అచ్చట పనిచేసెను. 1928 ఫిబ్రవరి 28వ తేదీనాటి ఆవిష్కరణమునకు మూలము ఖరీదైన యంత్రము కాదు. తెల్లవారుజామున తట్టినను, ప్రొద్దుగూకిన తరువాత తట్టినను తెరచుకొన్న తలుపు. నేడు అయిదు గంటలకు తాళము పడు ప్రయోగశాలలను కట్టుచు రామన్ పేరు చెప్పుకొనుట సరికాదు.

ఆ రామన్ శిష్యులలో నొకడైన సూరి భగవంతము 1932 ప్రాంతమున వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమునకు ప్రతిష్ఠ తెచ్చెను. రసాయనమున టి. ఆర్. శేషాద్రి కొత్త ప్రయోగశాలలను తీర్చిదిద్ది, పూవులలోను ఆకులలోను ఉండు వర్ణద్రవ్యములపై పరిశోధనకు పేరు తెచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా నుండిన ఆ దినములలో విశ్వవిద్యాలయము వయస్సు పదేండ్లు కూడ లేదు. జయపుర మహారాజా విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయల నిచ్చుచుండెను. అచ్చటి విజ్ఞాన సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. ఈ దానములో గమనింపదగినది లక్ష అను సంఖ్య కాదు, ఏటేట అను మాట. గోడలకు ఒకసారి ఇచ్చిన ధనము గోడలై నిలిచిపోవును. రసాయనములు కొనుటకు, పగిలిన గాజు మార్చుటకు, యంత్రము చెడినపుడు బాగుచేయువానికి జీతమిచ్చుటకు ఏటేట ధనము కావలెను. కొత్త ప్రయోగశాల అంచనా పత్రములో ఈ పద్దు లేనిచో ఆ పత్రము అసంపూర్ణము.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున వాల్తేరు భవనములను సైన్యమునకు అప్పగింపవలసివచ్చెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. అమర్చిన బల్లలు, గొట్టములు వెనుక నిలిచిపోయినవి. భవనము పోయినను ఆచార్యుల తెలివి పోలేదు. కాని తెలివి యున్నను, చేతికి పరికరము లేనపుడు పరిశోధకుడు పడు వేదన యేమో ఆ తరమువారు ఎరుగుదురు.

ఇటీవలి కాలమున తెలుగునాట కొత్త విజ్ఞానసంస్థలు వెలసినవి. హైదరాబాదు ఐఐటీ 2008లో ఎద్దుమైలారములోని ఆయుధ కర్మాగారపు ఆవరణలో మొదలై, 2015లో కందిలోని స్వంత ప్రాంగణమునకు చేరెను. తిరుపతిలోని ఐసర్ 2015లో వేరొక కళాశాల ప్రాంగణమున ఆరంభమై, పిమ్మట ఏర్పేడు సమీపమున స్వంత భవనములు కట్టుకొనెను. ఇవియు కోకిల పిల్లలే. పరుల గూటిలో గడపిన కాలమును వృథాకాలముగా తలంపరాదు. ఏ గది చాలలేదో, ఏ పరికరము ఎచ్చట నిలువలేదో ఆ కాలములో తెలిసినంత స్పష్టముగా మరెప్పుడును తెలియదు. ఆ జ్ఞానమును ప్లానులోనికి ఎక్కించుకొన్న సంస్థ అదృష్టవంతురాలు.

ఇంజనీరు పక్షమున చెప్పదగిన మాటయు కలదు. పది శాఖల ఆచార్యులు పది విధములుగా కోరుదురు. ఒకరు కోరిన గది కట్టులోపల ఆయన పదవీవిరమణ చేయును. తరువాత వచ్చినవారు దానిని నిరుపయోగమందురు. కోరికలకు అంతుండదు, ధనమునకు అంతుండును. మంజూరైన సొమ్ము మార్చి నెలాఖరులోపల ఖర్చు కావలెను. ఇవన్నియు నిజములే. కావుననే సంప్రదింపునకు ఒక క్రమముండవలెను. ఏ ఒక్క ఆచార్యుని కోరికపైనను గదిని కట్టరాదు. మారు అవసరములకు ఒదుగు గదిని కట్టవలెను. నీరు, మురుగు, గాలి, విద్యుత్తు అను నాలుగు మార్గములు స్థిరముగా నుండి, బల్లలు, అరలు కదలునట్లుండవలెను. కోరికలను వినువారు పలువురైనను నిర్ణయించువాడు ఒక్కడు కావలెను. టెండరు పిలువకముందే ఒక్క బల్లను, ఒక్క సింకును, ఒక్క ఫ్యూమ్ హుడ్డును నిజపరిమాణమున చెక్కతోనో, అట్టతోనో నిలిపి, వారము దినములు పరిశోధకులను అందు తిరుగుమనవలెను. చేయి తగులు మూల, అందని అర, ఒకరికొకరు అడ్డుపడు దారి అప్పుడే బయటపడును. కాగితము మీద గీత చెరిపివేయుటకు ఖర్చులేదు. గోడ చెరిపివేయుటకు ఖర్చు కలదు.

సంప్రదింపవలసినవారు ఆచార్యులు మాత్రమే కారు. పగలంతయు అచ్చటనే నిలుచు పరిశోధక విద్యార్థిని, సీసాలు కడుగు అటెండరును, సామాను భద్రపరచు స్టోరుకీపరును అడుగవలెను. ఏ గొట్టము కారునో, ఏ తలుపు మూతపడదో, ఏ మూల నేల జారునో వారికి తెలిసినంత విభాగాధిపతికి తెలియదు.

ఈ విషయము బడిపంతుళ్లకు, విద్యార్థులకు ఎందుకని ఎవరైన అడుగవచ్చును. విశ్వవిద్యాలయపు ప్రయోగశాల లోపము పాఠశాలలోనే మొదలగుచున్నది. చాలచోట్ల పాఠశాల ప్రయోగశాల యనగా ఒక బీరువా, దానికొక తాళము. పగిలిన పరీక్షనాళికకు స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే కనుక, ఆయన బీరువా తెరచుటకు జంకును. పిల్లలు పరికరమును తాకకయే రికార్డు పుస్తకమున దాని పటమును అందముగా గీయుదురు. వారే పెద్దవారై కళాశాలకు పోయినపుడు, ఒక పరికరము చుట్టును పదిమంది మూగుదురు. ఒకడు కొలత చూచును, తొమ్మిదిమంది వ్రాసికొందురు. ఆ తొమ్మిదిమందిలో రేపు ఆచార్యుడగువాడు ఉండవచ్చును, ఇంజనీరగువాడు ఉండవచ్చును, మంజూరు పత్రముపై సంతకము చేయు అధికారి ఉండవచ్చును. పనిబల్ల యెరుగని చేతులే మరల ప్రయోగశాలకు ప్లాను గీయును. ఈ చక్రము ఎచ్చటనో ఒకచోట తెగవలెను.

అది తెగుటకు కోట్ల రూపాయలు అక్కరలేదు. పాఠశాలకు కొత్త గది మంజూరైననాడు సైన్సు మాష్టరు ఒక తెల్లకాగితమును తీసికొని, తన తరగతిలోని పిల్లలు ఎందరో, వారు ఎన్ని బల్లల దగ్గర నిలుతురో, నీళ్లు ఎచ్చటినుండి వచ్చి ఎటు పోవునో, కిటికీ ఏ వైపుండవలెనో గీచి ప్రధానోపాధ్యాయునకు ఇయ్యవచ్చును. ఆ కాగితమును పిల్లలచేతనే గీయించినచో మరియు మేలు. గది కొలతలు తీయుట గణితము, గాలి దారి వెదకుట భౌతికము, నీటి లెక్క పౌరధర్మము. ఇంతకంటె మంచి పాఠము ఏ వాచకములోను లేదు. ఆ కాగితమును అధికారులు ప్రక్కన పెట్టవచ్చును. అయినను అడుగకయే కట్టినారని తరువాత విచారించుటకంటె, అడిగి యుంచుట మేలు.

ప్రయోగశాల ముందు పాతిన శిలాఫలకము మీద దాత పేరుండును, మంత్రి పేరుండును, ఉపాధ్యక్షుని పేరుండును, తేదీ యుండును. ఉండవలసినదే; ధనము తెచ్చుట సామాన్యమైన పని కాదు. అందు పనిచేయువారి పేర్లు ఫలకము మీద లేకున్నను లోపము లేదు. వారి మాట ప్లానులో ఉన్న చాలును. తెలుగునాట ఇకముందు లేచు ప్రతి ప్రయోగశాలకును ఆ భాగ్యము కలుగవలెనని కోరుట అత్యాశ కాదు.